ఆఫ్రికన్ పెంగ్విన్‌కు గూడు లేకుండా చేసిందెవరు?

పెంగ్విన్ అనగానే మంచు గుర్తొస్తుంది. కానీ ఆఫ్రికన్ పెంగ్విన్ ఉండేది దక్షిణాఫ్రికా, నమీబియా తీరాల్లో, ఎండ మాడ్చేసే దీవుల మీద. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇవి పది లక్షలకు పైగా ఉండేవని అంచనా. ఇప్పుడు గుడ్లు పెట్టే జంటలు పది వేలకు లోపే మిగిలాయి. 2024 అక్టోబరులో ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఈ జాతిని అంతరించడానికి అతి దగ్గరగా ఉన్నవాటి జాబితాలో చేర్చింది.

ఈ పక్షి వేటాడేది ఆ తీరం వెంబడి పారే చల్లటి బెంగ్వేలా సముద్ర ప్రవాహంలో. దగ్గరదగ్గరగా అల్లుకున్న ఈకలు నీటిని లోపలికి రానివ్వవు. వాటి కింద చిక్కుకున్న గాలి, చర్మం కింది కొవ్వు ఒంటి వేడిని కాపాడతాయి. ఒడ్డుకొస్తే అదే కోటు భారమవుతుంది. కళ్ల పైనున్న ఈకల్లేని గులాబీ రంగు చర్మంలోకి రక్తం ఎక్కువగా పారి కొంత వేడి బయటికి పోతుంది. గుడ్ల మీద పగలంతా కూర్చోవాలంటే అది చాలదు. అందుకే తరతరాలుగా పేరుకున్న పక్షి రెట్టల పొరల్లో, అంటే గ్వానోలో, బొరియలు తవ్వుకుని నీడలో పిల్లల్ని పెంచేవి.

ఆ గ్వానో యూరప్ పొలాలకు మంచి ఎరువని తెలిసింది. 1843లో నమీబియా తీరంలోని ఇచబో దీవికి ఓడలు బారులు కట్టాయి. 1845కల్లా అక్కడ రాతి నేల బయటపడింది. తర్వాత మిగతా దీవులదీ అదే గతి. బొరియలు పోయాక పెంగ్విన్లు ఆరుబయట గుడ్లు పెట్టాల్సి వచ్చింది. ఎండ తట్టుకోలేక తల్లిదండ్రులు లేచి వెళ్తే ఆ గుడ్లు గల్ అనే సముద్ర పక్షులపాలు. వాటికి తోడు మనుషులు కూడా 1960ల దాకా లక్షల గుడ్లు ఏరుకెళ్లి తిన్నారు. నా దృష్టిలో అసలు దెబ్బ మాత్రం గ్వానో తవ్వకమే. గుడ్ల సేకరణ ఆగింది గానీ, పోయిన నేల తిరిగి రాలేదు.

తర్వాత చమురు. 2000 జూన్‌లో ట్రెజర్ అనే ఓడ కేప్‌టౌన్ దగ్గర మునిగింది. చమురు అంటితే ఈకల అల్లిక విడిపోయి చన్నీళ్లు చర్మానికి తగులుతాయి, పక్షి చలికి చచ్చిపోతుంది. దాదాపు 19 వేల పెంగ్విన్లను వాలంటీర్లు ఒక్కొక్కటిగా కడిగారు. చమురు అంటని మరో 19 వేలకు పైగా పక్షుల్ని పోర్ట్ ఎలిజబెత్ దగ్గరికి తీసుకెళ్లి వదిలారు. అవి వందల కిలోమీటర్లు ఈదుకుంటూ తిరిగొచ్చేలోపు నీళ్లు శుభ్రం చేశారు. ఇంత గొప్ప పక్షి రక్షణ ప్రయత్నాలు చరిత్రలో అరుదు.

ఇప్పటి గొడవ చేపల గురించి. ఏటా ఈకలు మార్చుకునే మూడు వారాలు పెంగ్విన్ నీళ్లలో దిగలేదు, పస్తుంటుంది. ముందే సార్డిన్లు, నెత్తళ్ల జాతి ఆంకోవీలు తిని కొవ్వు పట్టాలి. అవే చేపల కోసం రింగు వలల పడవలూ వస్తాయి. పక్షి సంరక్షణ సంస్థలు కోర్టుకెక్కాక, 2025 మార్చిలో దక్షిణాఫ్రికా ప్రభుత్వం, చేపల పరిశ్రమ వాటితో రాజీకి వచ్చాయి. ముఖ్యమైన ఆరు ఆవాసాల చుట్టూ ఈ వేటకు హద్దులు గీశారు. కొన్నిచోట్ల పోయిన బొరియలకు బదులు కృత్రిమ గూళ్లు కూడా పెడుతున్నారు.