పయనీర్ డైరీలతో గ్రామర్: అపోహలు - వాస్తవాలు

నేను అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ పక్కన ఒక ఎలిమెంటరీ స్కూల్లో ఫోర్త్ గ్రేడ్ చెప్తాను. మా క్లాసులో ఆరెగాన్ ట్రెయిల్ వస్తుంది, అంటే 1840ల నుంచి మిస్సోరీ వైపు నుంచి ఎద్దుల బండ్లు కట్టుకుని దాదాపు 2000 మైళ్ళు, నాలుగైదు నెలలు, చాలామంది బండి పక్కన నడుచుకుంటూనే ఆరెగాన్‌కి వలస వచ్చిన వాళ్ళ (పయనీర్ల) కథ. లాంగ్వేజ్ ఆర్ట్స్ పీరియడ్‌లో వాళ్ళ డైరీలు చదివిస్తాం, గ్రామర్ కూడా అందులోంచే చెప్తాం. మా ఏరియాలో తెలుగు వాళ్ళు బాగా ఎక్కువ, పేరెంట్-టీచర్ కాన్ఫరెన్సుల టైంలో "మేడం, ఆ పాత డైరీలతో గ్రామర్ ఏం వస్తుంది, మంచి వర్క్‌బుక్ ఉంటే చెప్పండి" అని మెల్లగా తెలుగులోకి దిగి అడుగుతారు. వాళ్ళందరికీ కలిపి ఇది.

అపోహ: డైరీ అంటే "డియర్ డైరీ, ఈరోజు నాకు చాలా బాధగా ఉంది" అని మొదలవుతుంది

పిల్లలు మొదటిరోజు రాసేది అదే. అసలు డైరీ తీస్తే అందులో బాధ గురించి పెద్దగా కనపడదు. ఎన్ని మైళ్ళు నడిచాం, గడ్డి ఉందా, నీళ్ళు మంచివా, దారిలో ఎన్ని కొత్త సమాధులు కనిపించాయి, ఇవీ రాసుకునేవి. పగలంతా నడిచి, రాత్రి ఎండిన బఫెలో పేడ (మన పిడకలే అనుకోండి) మంట మీద వంట చేసి, ఆ తర్వాత రాసేవాళ్ళకి వర్ణనలకి ఓపిక ఎక్కడిది.

నేను ఎక్కువ వాడేది అమీలియా స్టూవర్ట్ నైట్ డైరీ. 1853 ఏప్రిల్ 9న అయోవాలో ఇల్లు వదిలారు, భర్త, ఏడుగురు పిల్లలు. ఇంటి నుంచి బయల్దేరాం, 8 మైళ్ళు వెళ్ళాం, ఒక పాత ఇంట్లో దిగాం, రాత్రి చలి, మంచు, అంతే మొదటి రోజు. మధ్యమధ్యలో ఒంట్లో బాలేదు అని వస్తుంటుంది, ఎందుకో రాయదు. సెప్టెంబర్‌లో దారి చివర ఎనిమిదో బిడ్డ పుట్టినట్టు రాసేదాకా ఆవిడ కడుపుతో ఉందని చదివేవాళ్ళకి తెలీదు! ఇది తెలిశాక పిల్లలు వెనక్కి వెళ్ళి పేజీలన్నీ మళ్ళీ తిరగేస్తారు, ఇన్ఫరెన్స్ (రాయనిది ఊహించి తెలుసుకోవడం) అంటే ఏంటో నేను వేరే చెప్పక్కర్లేదు.

మన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి రాసుకున్నదీ ఇలాగే ఉంటుంది కదా, ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి అని. బండి దారి మనుషులు ఎక్కడైనా ఒకటే అనిపిస్తుంది నాకు.

ఇంకోటి, డైరీ అని పేరుండేవన్నీ డైరీలు కావు. కొన్ని ముప్పై నలభై ఏళ్ళ తర్వాత ముసలితనంలో గుర్తు చేసుకుని రాసినవి, కొన్ని పిల్లల కోసం ఎవరో కల్పించి రాసిన కథలు. కథలు చదివించండి, తప్పులేదు, కానీ రెండూ ఒకటే అని చెప్పకండి.

అపోహ: డైరీలో తప్పులు దిద్దిస్తే గ్రామర్ వచ్చేస్తుంది

ఈ పని నేనే చేశాను, మొదటి ఏడాది. అమీలియా డైరీలో ఆగస్టు 8 ఉంది, ఆ రోజు 22 మైళ్ళు నీళ్ళు లేని దారి. బండ్లు కదిలాయి, కొన్ని మైళ్ళు పోయాక ఎద్దులకి విశ్రాంతి ఇద్దామని ఆగారు, అంతలో వెనక నుంచి ఇంకో బండ్ల గుంపు వచ్చింది, అందులో వీళ్ళ పాప లూసీ ఉంది! ఆ పిల్లని వెనక వదిలేసి వచ్చిన సంగతి అప్పటిదాకా ఒక్కరికీ తెలీదు. పాపేమో ఏటి ఒడ్డు కింద కూర్చుని బండ్లు దాటడం చూస్తూ ఉండిపోయింది, తల్లేమో వేరే బండిలో ఉందిలే అనుకుంది.

ఈ పేజీ జిరాక్స్ తీసి తలా ఒక ఎర్ర పెన్ను ఇచ్చి తప్పులు పట్టమన్నాను. పదిహేను నిమిషాలు క్లాస్ నిశ్శబ్దం, నాకు భలే సంతోషం. తర్వాత చూస్తే ఫుల్‌స్టాప్ ఉండాల్సిన చోట కామా ఉందని ఇద్దరు ముగ్గురు పట్టుకున్నారు, పిల్ల తప్పిపోయిందని మాత్రం ఒక్కరూ అనలేదు. సిగ్గేసింది.

ఇప్పుడు ముందు చదువుతాం, లూసీ గురించి మాట్లాడుకుంటాం, తర్వాతే ఆ వాక్యం దగ్గరకొస్తాం. వదిలేసి వచ్చాం అన్నాక ఫుల్‌స్టాప్ లేకుండా కామా పెట్టి, ఎవరూ గమనించలేదు, మైళ్ళు పోయాం, ఆగాం అని ఎందుకు గుక్క తిప్పుకోకుండా రాసిందంటారు? ఒకసారి కామాలతో గట్టిగా చదివిస్తా, ఒకసారి ఫుల్‌స్టాపులు పెట్టి. రన్-ఆన్ (ఆగాల్సిన చోట ఆగకుండా వాక్యాలు కలిపేయడం) అంటే ఏంటో చెవికి తెలుస్తుంది. ఫోర్త్ గ్రేడ్ కామన్ కోర్‌లో (ఏ తరగతిలో ఏం రావాలో చెప్పే ప్రమాణాలు) కూడా "అనుచితమైన" ఫ్రాగ్మెంట్లు (సగం వాక్యాలు), రన్-ఆన్లు గుర్తించి సరిచేయాలి అనే ఉంది, ఆ అనుచితమైన అనే మాట చాలామంది మింగేస్తారు.

అపోహ: తప్పుల ఇంగ్లీష్ చదివితే పిల్లలకి అదే వస్తుంది

కాలిఫోర్నియా బయల్దేరి దారిలో చిక్కుకుపోయిన డానర్ పార్టీ అనే బండ్ల గుంపులో చావు తప్పించుకున్న వర్జీనియా రీడ్ అనే పదమూడేళ్ళ అమ్మాయి 1847లో కజిన్‌కి రాసిన ఉత్తరంలో "నెవర్ టేక్ నో కటాఫ్స్" అని ఉంటుంది, అడ్డదారి పట్టొద్దని. స్పెల్లింగులు కూడా తప్పే. అడ్డదారి పట్టి, మంచులో చిక్కుకుని, ఆకలితో చలికాలం గడిపిన పిల్ల రాసింది అది. నెవర్, నో రెండూ కలిపి వాడితే డబుల్ నెగెటివ్ అని పేరు చెప్తాను, స్కూల్ రిపోర్ట్‌లో "నో" బదులు "ఎనీ" రాయాలని చెప్తాను. ఇన్నేళ్ళలో ఏ పిల్లా "నెవర్ టేక్ నో" అని నాకు రిపోర్ట్ రాసివ్వలేదు.

అపోహ: వర్క్‌షీట్లు ఎన్ని చేస్తే రైటింగ్ అంత బాగుపడుతుంది

4 నుంచి 12 తరగతుల రైటింగ్ పరిశోధనలు కలిపి చూసి 2007లో ఒక రిపోర్ట్ వచ్చింది, విడిగా చెప్పే గ్రామర్ పాఠాల వల్ల రైటింగ్‌కి లాభం కనపడలేదు, చిన్న వాక్యాలు కలిపి పెద్దవి చేయించే ప్రాక్టీస్‌కి మాత్రం కనపడింది. అందుకని రోజూ పది నిమిషాలు అది చేస్తాం. ఎద్దులు అలిసిపోయాయి, నీళ్ళు లేవు, మేం ఆగాం, ఈ మూడింటినీ బికాజ్‌తో ఒకసారి, సోతో ఒకసారి కలపాలి, సో ముందు కామా ఎందుకో అక్కడే తేలుతుంది. ప్రాక్టీస్ వద్దని నేననట్లేదు, అరటిపండుకి నామవాచకమా కాదా అని గీతలు గీయించడం వద్దంటున్నా.

అపోహ: కళ్ళారా చూసి రాసింది కాబట్టి అంతా నిజం

చూసినంతవరకే నిజం. అమీలియా డైరీ చివర రెండు జతల ఎద్దులిచ్చి అర సెక్షన్, అంటే 320 ఎకరాల భూమి తీసుకున్నామని ఉంటుంది, అందులో అరెకరం బంగాళాదుంప, కిటికీలు లేని చెక్క ఇల్లు. నేనడిగేది ఒకటే, అమ్మినాయనకి ఆ నేల ఎలా వచ్చింది? 1850లో డొనేషన్ లాండ్ యాక్ట్ పెట్టి తెల్లవాళ్ళకి భూములు పంచడం మొదలెట్టారు, ఉదాహరణకి ఇక్కడి విల్లామెట్ లోయలో మూలవాసులైన కలపూయా వాళ్ళతో భూమి ఒప్పందం చూస్తే 1855. ఆ తేదీలు పక్కపక్కన రాస్తే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే లెక్క వేసుకుంటారు. దారిలో చావులు కూడా సినిమాల్లోలా దాడుల వల్ల కాదు, ఎక్కువ కలరా, జబ్బులు, ప్రమాదాలు.

అపోహ: ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీష్ గ్రామర్ పాడవుతుంది

ఇది మన పేరెంట్స్ స్పెషల్. అమీలియా మొదటి వాక్యంలో సబ్జెక్ట్ (కర్త) లేదు, "స్టార్టెడ్ ఫ్రమ్ హోమ్" అంతే. ఎవరు? ఒకసారి బోర్డు మీద తెలుగులో "బయల్దేరాం" అని రాసి క్లాసులో ఉన్న తెలుగు పిల్లల్ని అడిగాను, ఎవరు బయల్దేరారు అని. "వి" అని అరిచారు. మిగతా పిల్లలు వి ఎక్కడుంది, కనపడట్లేదే అని గోల. ఒక అమ్మాయి లేచొచ్చి చివర సున్నా చుట్టూ గీత గీసి ఇదిగో ఇక్కడుంది అంది, అది తీసేసి ను పెడితే ఐ, రు పెడితే దే అని తనే మార్చి చూపించింది. తెలుగులో క్రియే చెప్పేస్తుంది, ఇంగ్లీష్ క్రియ చెప్పదు కాబట్టి రిపోర్ట్‌లో సబ్జెక్ట్ రాసి తీరాలి. సబ్జెక్ట్ గురించి నేనిచ్చిన పాఠాలన్నిట్లో అదే బెస్ట్, చెప్పింది నేను కాదు.

ఆ అమ్మాయే తర్వాత వారం తన సొంత డైరీ పేజీ తెచ్చింది, "వెంట్ టు కాస్ట్‌కో" అని మొదలవుతుంది. సబ్జెక్ట్ ఏదమ్మా అన్నాను. "డైరీ కదా మిస్, ఎవరెళ్ళారో నాకు తెలుసు" అంది. మార్కులు కట్ చెయ్యలేదు.