ఇంట్లో చేసుకునే పనిముట్ల ట్రాలీ: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది వెల్డింగ్ షాపు. మెకానిక్కులు, వడ్రంగులు, సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం నుంచి వచ్చే కుర్రాళ్లు తరచూ ట్రాలీ గురించి అడుగుతుంటారు. గ్రైండరు, డ్రిల్లు, స్పానర్లు, ఒక వైసు (వస్తువుని కదలకుండా బిగించి పట్టే పనిముట్టు) పెట్టుకుని షెడ్డంతా తిప్పుకునే చక్రాల బల్ల అన్నమాట. ఒడియావాళ్లయినా తెలుగువాళ్లయినా మొదట అనేది ఒకటే: "బాబూ, బరువుగా చెయ్యి, గట్టిగా ఉండాలి." ఆ రెండూ ఒకటే అనుకోవడంతోనే తంటా మొదలవుతుంది.

అపోహ: ఇనుము ఎంత బరువైతే అంత బలం.

వాస్తవం: 25 మి.మీ. నిండు చదరపు కడ్డీ మీటరుకి 4.9 కిలోలు తూగుతుంది. 2 మి.మీ. మందం ఉన్న 40 × 40 స్క్వేర్ పైపు 2.3 కిలోల చిల్లర. ఇనుము సగం కూడా లేదు, అయినా వంగకుండా నిలబడటంలో ఆ పైపు కడ్డీకి రెట్టింపు పైనే. వంపుకి ఎదురు నిలిచేది అంచుల్లో ఉన్న లోహం. నడుమన ఉన్నది బరువు పెంచడానికే ఎక్కువ పనికొస్తుంది.

తుక్కు కొట్లో చవగ్గా దొరికిందని 50 × 50 × 6 యాంగిల్ (L ఆకారపు ఇనప బద్ద) మోసుకొచ్చేవాళ్లు చాలామంది. మూడడుగుల ట్రాలీకి ముక్కలన్నీ కలిపి సుమారు 12 మీటర్లు పడతాయి. ఆ యాంగిల్‌తో ఖాళీ ఫ్రేమే 54 కిలోలు, పైపుతో 28 లోపు. పైగా ఒక చక్రం గుంతలో దిగినప్పుడు ఫ్రేము మెలిపడుతుంది. యాంగిల్ మెలికకి తేలిగ్గా లొంగుతుంది, నాలుగు పక్కలా మూసి ఉన్న పైపు లొంగదు.

అల్యూమినియం సంగతీ అడుగుతారు. బరువు ఇనుములో మూడో వంతు, నిజమే. బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, కూడా మూడో వంతే. ఇంట్లో వెల్డు చేసుకోవడం కూడా కష్టం. నేనైతే వద్దంటాను.

అపోహ: కాళ్లు లావుగా ఉంటే ఊగదు.

వాస్తవం: ఊగేది కాళ్లు సన్నమై కాదు, మూలలు కదిలి. నాలుగు పైపుల చట్రాన్ని పక్కనుంచి నెడితే వాలిపోతుంది. ఐమూలగా ఒక బద్ద వేస్తే ఆగుతుంది. వెనకవైపు 6 మి.మీ. ప్లైవుడ్‌ని చుట్టూ దగ్గర దగ్గరగా స్క్రూలతో బిగించినా అదే పని చేస్తుంది. నాకు ఇదే ఇష్టం, స్పానర్లు తగిలించుకోవడానికి గోడ కూడా దొరుకుతుంది.

ముందు అన్ని మూలలకీ టాక్ (చిన్న చుక్క వెల్డు) మాత్రమే పెట్టండి. రెండు ఐమూల కొలతలూ సమానంగా వచ్చాకే పూర్తి వెల్డింగు, అదీ ఎదురెదురు మూలలు మార్చుకుంటూ. ఒకే మూల నుంచి కొట్టుకుంటూ పోతే వేడి ఫ్రేముని వంకరగా లాగేస్తుంది. 2 మి.మీ. పైపుకి 2.5 మి.మీ. వెల్డింగ్ రాడ్డు చాలు, 3.15తో చిల్లులు పడతాయి. జి.ఐ. పైపు వాడితే జింకు పూత గీకి, గాలి ఆడే చోట పని చేయండి, ఆ పొగకి జ్వరం వస్తుంది. పాలు తాగితే ఆ పొగకి విరుగుడని మా వృత్తిలో పెద్ద నమ్మకం. పాలు పోయేది పొట్టలోకి, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి!

అపోహ: మొత్తం బరువు 300 కిలోలైతే చక్రానికి 75 చాలు.

వాస్తవం: కాంక్రీటు నేల ఎక్కడా పూర్తి మట్టంగా ఉండదు. ఏ క్షణమైనా మూడు చక్రాల మీదే బరువు పడొచ్చు. కాబట్టి ఒక్కోటి 100 కిలోలకు తగ్గకూడదు. 50 మి.మీ. చక్రాలు కింద పడ్డ నట్టుకే ఆగిపోతాయి. 100 నుంచి 125 మి.మీ.వి తీసుకోండి. తోసే వైపు పక్కలకి తిరిగేవి రెండు, అవతల నేరుగా మాత్రమే దొర్లేవి రెండు. మెత్తటి రబ్బరులో ఇనప రజను గుచ్చుకుంటుంది, నైలాన్ గోల చేస్తుంది, పాలీయూరిథేన్ మధ్యస్తం. బ్రేకు చక్రం దొర్లడాన్నే కాక, అది పక్కలకి తిరగడాన్నీ ఆపేదై ఉండాలి.

తిరిగే చక్రాలు లోపలికి మళ్లితే ట్రాలీ నిలబడే వెడల్పు తగ్గుతుందని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సన్నగా, ఎత్తుగా చేసి, పై సొరుగుల్లో బరువంతా నింపి, అన్నీ ఒకేసారి లాగితే మీద పడుతుంది. బరువైనవి అడుగు అరలో పెట్టండి. వైసుని ట్రాలీ కాలికి సరిగ్గా పైన బిగించండి, నడి బల్ల మీద వద్దు. సుత్తి పనుంటే మూలల్లో నట్లు వెల్డు చేసి, బోల్టులు కిందికి దించి, చక్రాల్ని నేల నుంచి లేపేయండి.

అపోహ: ప్లైవుడ్ మీద ఐ.ఎస్.ఐ. గుర్తుంటే తడికి భయం లేదు.

వాస్తవం: మామూలు ప్లైవుడ్ ప్రమాణం ఐఎస్ 303లో ఎం.ఆర్. రకం గాలిలో చెమ్మని తట్టుకుంటుంది, నీళ్లని కాదు. అందులోనే బి.డబ్ల్యూ.ఆర్. (మరిగే నీటిని తట్టుకునే రకం) మెరుగు. షెడ్డులోకి జల్లు కొట్టేట్టయితే ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. 2018లో తిత్లీ తుపాను వచ్చిన జిల్లా మాది, జల్లు సంగతి వేరే చెప్పక్కర్లేదు. మందంలో మాత్రం పిసినారితనం వద్దు: 12 మి.మీ. కన్నా 19 మి.మీ. పలక దాదాపు నాలుగు రెట్లు బిగువు. మా అడవుల గుగ్గిలం కర్ర గట్టిదే, కానీ పచ్చిది వేస్తే ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది.

పైపు కొసలకి మూతలు వెల్డు చేయడం మరవకండి. తెరిచి వదిలేస్తే నీళ్లు లోపల నిలిచి, పైన రంగు మెరుస్తుండగానే లోపల్నుంచి తుప్పు తినేస్తుంది.