సైగల భాషలో సౌర కుటుంబం: కొన్ని అపోహలు, వాస్తవాలు

చిన్నపిల్లలకు సైగల భాషలో గ్రహాల కథలు చెప్పడం నా పని. ఈ పనిలోకి కొత్తగా వచ్చే టీచర్ల నుంచి, తల్లిదండ్రుల నుంచి తరచూ వినే మాటలివి.

అపోహ: సైగలంటే మూకాభినయమే. చేతులు తిప్పితే చాలు, పిల్లలకు అర్థమైపోతుంది.

వాస్తవం: సైగల భాషకు సొంత వ్యాకరణం ఉంది. ప్రపంచమంతటికీ ఒకే సైగల భాష కూడా లేదు, దేశాన్ని బట్టి మారుతుంది. ఎవరు ఎక్కడున్నారు, ఎటు కదిలారు అన్నదంతా మన ముందున్న ఖాళీలోనే చెబుతాం కాబట్టి గ్రహాల కథ ఇందులో చక్కగా కుదురుతుంది. పొరపాట్లు దొర్లేదీ అక్కడే. ఎడమ పిడికిలి సూర్యుడు, కుడి పిడికిలి భూమి అనుకోండి. కుడి చేతిని బండిచక్రంలా నిలువుగా తిప్పితే, మీకు అపసవ్యంగా తిరిగేది ఎదురుగా కూర్చున్నవాళ్లకు సవ్యంగా కనిపిస్తుంది. నేలకు సమాంతరంగా తిప్పితే ఈ గొడవ ఉండదు. ఎనిమిది గ్రహాలూ దాదాపు ఒకే తలంలో, ఒకే దిశలో తిరుగుతాయి కాబట్టి సైన్స్ ప్రకారమూ అదే సరైనది.

ఇంకో మాట. కక్ష్యను మరీ సాగదీసి చూపించకండి. సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అని పిల్లలు అనేసుకుంటారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో. ఋతువులకు కారణం భూమి అక్షం వంపు. అందుకే తిరిగినంతసేపూ పిడికిలిని ఒకే వైపు వంచి ఉంచాలి.

అపోహ: కథలో పెడితే సైన్స్ పాడవుతుంది.

వాస్తవం: పాత్రలకు మాటలివ్వండి, గొప్పలివ్వండి, అలకలివ్వండి. కారణాలను మాత్రం ముట్టుకోవద్దు. సూర్యుడికి కోపమొచ్చి ఎండలు పెరిగాయనే కథ నేను చెప్పను. నేను చెప్పే కథలో బుధుడు "సూర్యుడికి నేనే దగ్గర, నేనే వేడి" అంటాడు. పగలు 430 డిగ్రీలు నిజమే, కానీ రాత్రికి మైనస్ 180కి పడిపోతాడు. శుక్రుడు దట్టమైన కార్బన్ డయాక్సైడ్ కప్పుకుని రాత్రీ పగలూ 460 డిగ్రీల దగ్గరే ఉంటాడు. సైగల్లో భుజాలు ఇటు తిప్పితే బుధుడు, అటు తిప్పితే శుక్రుడు. ఎవరి మాట ఎవరిదో విడిగా చెప్పే పనే లేదు.

అపోహ: గది చీకటి చేసి టార్చ్ వేస్తే బాగా అర్థమవుతుంది.

వాస్తవం: చీకట్లో చేతులు, ముఖం కనిపించవు, పాఠం ఆగిపోతుంది. లైటు మీ మీదే పడాలి. గ్లోబు చూపిస్తూ సైగ చేయడమూ వృథా, పిల్లల చూపు ఒకచోటే ఉంటుంది కదా. చూపించి ఆగండి, వాళ్లు మళ్లీ మీ వైపు చూశాక చెప్పండి.

అపోహ: సైగ తెలియకపోతే మనమే కల్పించుకోవచ్చు.

వాస్తవం: ముందు ఆ భాష వాడే బధిరులను అడగండి. అప్పటిదాకా వేళ్లతో అక్షరాలు చూపించి వివరించండి.

అపోహ: వినగలిగే పిల్లలకు ఇదంతా ఎందుకు?

వాస్తవం: మాటలతో చెబితే అర్థంకానిది ఒళ్లు కదిలించి చూస్తే వాళ్లకూ అర్థమవుతుంది. ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు కాబట్టి చంద్రుడు తన చుట్టూ తాను తిరగడని చాలామంది నమ్ముతారు. ఒకరిని మధ్యలో నిలబెట్టి, ఇంకొకరిని వాళ్లనే చూస్తూ చుట్టూ నడవమనండి. నడిచినవాళ్లకు గది నాలుగు గోడలూ ఎదురుగా వచ్చాయా అని అడగండి. వస్తాయి, అంటే తన చుట్టూ తాను ఒకసారి తిరిగినట్టే. చంద్రుడికి దీనికి 27 రోజులు పడుతుంది.