బరంపురం బిల్లింగ్ ప్రోగ్రామ్ గొడవ వెనుక ఆగిపోయిన ఒక పుష్

బరంపురంలో తెలుగువాళ్ల చీరల దుకాణానికీ, దానికి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిపెట్టిన కుర్రాళ్లకీ మధ్య తగాదా ఈ వారం మళ్లీ రాజుకుంది. అదే ప్రోగ్రామ్ పర్లాకిమిడిలో ఇంకో బట్టల షాపు కౌంటర్ మీద కనబడింది. డబ్బిచ్చి రాయించుకున్నది నాదేనని షావుకారుగారు అంటున్నారు. రాసింది మేము, కోడ్ మా ప్రైవేట్ రిపోలో (కోడ్ దాచుకునే సొంత ఖాతా ఫోల్డర్‌లో) ఉంది అని హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కుర్రాడు అంటున్నాడు. కోడ్‌లో ప్రతి మార్పునీ నమోదు చేసే ప్రోగ్రామ్ గిట్. రుజువుగా ఆ గిట్ జాబితా (లాగ్) స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నాడు. ప్రతి కమిట్ (నమోదైన మార్పు) పక్కనా అతని పేరే ఉంది.

ఈ స్క్రీన్‌షాట్లు చూసి చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేశారు కాబట్టి ఇది తొందరగా రాయాల్సి వచ్చింది. పేర్లు రాయడం లేదు. ఈ గొడవలో ఇప్పటిదాకా ఎవరూ అడగని మనిషి ఒకరున్నారు. దుకాణంలో లెక్కలు చూసే అమ్మాయి. అసలు కథ ఆమె దగ్గరే ఉంది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఊళ్లో ప్రతి దుకాణానికీ బిల్లింగ్ ప్రోగ్రామ్ కావాల్సి వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతున్న నలుగురు స్నేహితులు దీన్ని రాశారు. షావుకారుగారు డబ్బు చేతికిచ్చారు, కాగితం మీద ఏమీ రాసుకోలేదు. ఆ రోజుల్లో గిట్‌తో రాసిన కోడ్‌ని ఇంటర్నెట్‌లో దాచే సైటు గిట్‌హబ్‌లో ప్రైవేట్ రిపో పెట్టుకోవాలంటే నెలకు 7 డాలర్లు కట్టాలి. అలాంటిదే ఇంకో సైటు బిట్‌బకెట్‌లో ఐదుగురి వరకు ఉచితం. అందుకని వీళ్లు బిట్‌బకెట్‌లో పెట్టుకున్నారు. మరుసటి ఏడాది దుకాణంలో లెక్కలకు చేరిన బీసీఏ అమ్మాయిని అయిదో మనిషిగా చేర్చుకున్నారు. చిన్న చిన్న మార్పులు ఆమే చేసేది. నలుగురినీ అన్నయ్యా అనే పిలిచేది.

2019 జనవరి 7న గిట్‌హబ్ ప్రైవేట్ రిపోలను ఉచితం చేసింది. అయితే ఒక షరతు ఉంది. సొంతదారు కాక ఒక్కో రిపోకి ముగ్గురినే చేర్చుకోవచ్చు. అందరూ గిట్‌హబ్‌కి మారుతున్నారని వీళ్లూ మారారు. నలుగురిలో పెద్దవాడి, అంటే ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న కుర్రాడి, సొంత అకౌంట్‌లో రిపో తెరిచారు. మిగతా ముగ్గురితో ఆ మూడు చోట్లూ నిండిపోయాయి. బిట్‌బకెట్‌లో పాతదాన్ని తీసేశారు. అమ్మాయికి చోటు లేదు.

దీనికి ఆ రోజు వాళ్లు చేసిన సర్దుబాటు చిన్నదిగానే కనిపించింది. దుకాణం కంప్యూటర్‌లో గిట్ సెట్ చేసినప్పుడు పెద్దవాడు తన పేరు, తన మెయిల్ పెట్టి, తన పాస్‌వర్డ్ సేవ్ చేసి, ఇక దీంట్లోంచి పుష్ చేసుకో అని చెప్పి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఆమె కోడ్ మార్చేది, కమిట్ చేసేది, పుష్ చేసేది, అంటే ఆ కమిట్లని గిట్‌హబ్‌లోని రిపోకి పంపేది. అన్నీ అతని పేరు మీద వెళ్లేవి.

ఇక్కడ గిట్ పద్ధతి తెలియాలి. కమిట్ మీద కనబడే పేరు ఎవరు కీబోర్డు ముందు కూర్చున్నారో చూసి పడేది కాదు. ఆ కంప్యూటర్ సెట్టింగ్‌లో ఏ పేరు రాసి ఉంటే అదే పడుతుంది. గిట్ దాన్ని సరిచూడదు. కాబట్టి ఇప్పుడు గ్రూపుల్లో తిరుగుతున్న స్క్రీన్‌షాట్ ఆ సెట్టింగ్‌లో ఎవరి పేరు ఉందో చెబుతుంది, అంతవరకే. అదే లాగ్‌లో పేరు పక్కన టైము కూడా ఉంది. 2019 నుంచి ఉన్న కమిట్లు దాదాపు అన్నీ మధ్యాహ్నం రెండుకీ మూడున్నరకీ మధ్యవే. దుకాణం భోజనానికి మూసే వేళ అది. కౌంటర్ కంప్యూటర్ ఖాళీగా ఉండేది అప్పుడొక్కటే. టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని ఆమె రాసేది. హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నవాడు వారంలో అన్ని రోజులూ సరిగ్గా ఆ గంటన్నరలోనే బరంపురం దుకాణం కోడ్ ఎలా రాశాడో స్క్రీన్‌షాట్ పెట్టినవాళ్లు చెప్పాలి.

ఆమె రాసిన భాగం చిన్నదేమీ కాదు. ఇచ్ఛాపురం, సోంపేట వ్యాపారులు బరంపురం పట్టు కోసం ఇక్కడికే వస్తారు. కొనే వ్యాపారి జీఎస్టీ నంబరు 21తో మొదలైతే ఒడిశా, 37తో మొదలైతే ఆంధ్ర. సరుకు సరిహద్దు దాటి వెళ్లేదైతే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) పడాలి, ఇక్కడే ఉండేదైతే పన్ను కేంద్రానికీ రాష్ట్రానికీ రెండు ముక్కలు కావాలి. మొదటి ప్రోగ్రామ్‌లో ఇది కౌంటర్ మీద ఉన్న మనిషి గుర్తుపెట్టుకుని నొక్కాల్సిన బటన్. నంబరు చూసి ప్రోగ్రామే తేల్చుకునేలా చేసింది ఆమె. పర్లాకిమిడి ఆంధ్ర సరిహద్దుకి ఆనుకున్న ఊరు. అక్కడి షాపుకి ఈ ప్రోగ్రామ్ నచ్చింది ఈ సౌకర్యం వల్లే.

2020 ఏప్రిల్ 14న గిట్‌హబ్ ముగ్గురి పరిమితి ఎత్తేసింది. ప్రైవేట్ రిపోలో ఎంతమందినైనా ఉచితంగా చేర్చుకోవచ్చు, దుకాణం పేరు మీదే ఒక ఆర్గనైజేషన్ (ఉమ్మడి ఖాతా) తెరిచి రిపోని అందులోకి మార్చుకోవచ్చు. ఒక మెయిల్, నాలుగు క్లిక్కులతో అయ్యే పని. లాక్‌డౌన్‌లో దుకాణం మూసి ఉంది, ఎవరి టెన్షన్ వాళ్లది. ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

నా దృష్టిలో మొత్తం వ్యవహారం తేలిపోయింది ఆ తర్వాతి ఏడాది, 2021 ఆగస్టు 13న. కమాండ్‌తో పుష్ చేసేటప్పుడు అకౌంట్ పాస్‌వర్డ్ ఇస్తే గిట్‌హబ్ ఒప్పుకోవడం ఆ రోజుతో ఆగిపోయింది. దాని బదులు అకౌంట్ నుంచి తీసుకునే టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి పొడవాటి అక్షరాల వరస) గానీ, ఎస్‌ఎస్‌హెచ్ కీ (కంప్యూటర్‌లో ఉంచే గుర్తింపు ఫైలు) గానీ కావాలి. భద్రత కోసం తీసుకున్న నిర్ణయం, 2020 డిసెంబరులోనే ప్రకటించారు కూడా. కానీ అలాంటి హెచ్చరికలు ఏవైనా అకౌంట్ ఎవరిదో వాళ్ల మెయిల్‌కే వెళ్తాయి. ఈమె పేరున అక్కడ అకౌంటే లేదు.

అది శ్రావణ శుక్రవారం. అమల్లోకి వచ్చేసరికి మనకు రాత్రి. వరలక్ష్మీ వ్రతం ముందు వారం కావడంతో దుకాణం నిండా జనం. మర్నాడు మధ్యాహ్నం ఆమె పుష్ కొడితే, పాస్‌వర్డ్‌తో లోపలికి రావడం 2021 ఆగస్టు 13తో తీసేశామని ఇంగ్లిష్‌లో ఒక లైను, కింద ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అని ఇంకో లైను వచ్చాయి. ఏటో టోకెన్ అడుగుతోందన్నయ్యా అని ఆమె మెసేజ్ పెట్టింది. తర్వాత చూస్తాను అని జవాబొచ్చింది. ఆ మెసేజ్ నాకు చూపించింది. దాని కింద ఆమె పెట్టినవి ఇంకో మూడున్నాయి, వాటికి జవాబు లేదు. కొత్త ఉద్యోగంలో ఊపిరాడని రోజులని, ఆమె మళ్లీ ఫోన్ చేసి అడగాల్సిందని అతను అంటున్నాడు.

పుష్ ఆగినా కమిట్ ఆగదు. కమిట్ అన్నది మన కంప్యూటర్‌లోని గిట్ ఫోల్డర్‌లో పడేది, దానికి ఇంటర్నెట్టే అక్కర్లేదు. కాబట్టి ఆమె పని సాగుతూనే పోయింది. స్టేటస్ అడిగినప్పుడల్లా గిట్, మీ బ్రాంచి ఆరిజిన్ (గిట్‌హబ్‌లోని కాపీ) కంటే ఇన్ని కమిట్లు ముందుంది అని చూపించేది. ఆ అంకె పెరుగుతూ పోవడం రోజూ చూసేదాన్నని ఆమె చెప్పింది. ముందుంది అంటే మంచిదే అనుకున్నారు షావుకారుగారు. దూరంగా ఉన్న కాపీ పాతబడిపోతోంది, కొత్తది ఒక్క హార్డ్‌డిస్క్ మీదే ఉంది అని దాని అర్థం. ఒక పెన్‌డ్రైవ్‌లో ఖాళీ రిపో (బేర్ రిపో) పెట్టి, దాన్ని పుష్ చేయడానికి రెండో చోటుగా (రిమోట్‌గా) చేర్చుకుంటే సరిపోయేది. ఆ మాట చెప్పగలిగినవాళ్లు నలుగురున్నారు. నలుగురూ ఊళ్లో లేరు.

ఒక వానాకాలం ఆ హార్డ్‌డిస్క్ పోయింది. ప్రోగ్రామ్ రెండో కౌంటర్‌లో ఉండబట్టి బిల్లులు ఆగలేదు, కోడ్ మాత్రం పోయింది. మొదటి గొడవ అప్పటిది. కోడ్ దాచేశాడని షావుకారుగారు, రిపోలో ఉన్నదే ఉందని అతను. ఇద్దరూ ఒకే రిపో గురించి అరుచుకున్నారు. దుకాణంలో నడుస్తున్న కోడ్ ఆ రిపోలో లేనే లేదని ఎవరికీ తట్టలేదు.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. దసరా నవరాత్రులు మొదలైన రోజు కూడా అదే. చీరకి పాత 5 శాతమే. రెడీమేడ్ దుస్తులకి మాత్రం 1000 రూపాయలు దాటితే 12 శాతం అన్నది పోయి, 2500 వరకు 5 శాతం, ఆ పైన 18 శాతం అయింది. ప్రోగ్రామ్‌లో 1000, 12 అన్న అంకెలు కోడ్‌లోనే రాసి ఉన్నాయి. కోడ్ లేదు. ముందురోజు రాత్రి ఆమె ఐఎల్‌స్పై అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కౌంటర్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్ ఫైలుని (ఈఎక్స్‌ఈ) తిరిగి కోడ్‌గా మార్చింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్‌లో రాసింది కాబట్టి కోడ్ చాలావరకు తిరిగొస్తుంది, కామెంట్లు (కోడ్ పక్కన రాసుకునే వివరణలు) రావు. ప్రతి చోటా ఇది ఎందుకు పెట్టానో తెలుగులో రాసుకున్న లైన్లన్నీ పోయాయి. తెల్లారేసరికి ఆ అంకెలు మార్చి కౌంటర్‌కి ఎక్కించింది. నా ప్రోగ్రామ్‌ని పగలగొట్టారు అని అతను ఇప్పుడు అంటున్నది దీన్నే.

చట్టం సంగతి చూస్తే, కాపీరైట్ చట్టం 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. సెక్షన్ 17 ప్రకారం రాసినవాళ్లే మొదటి హక్కుదారులు. జీతం మీద ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేకుంటే, యజమానికి వెళ్తుంది. హక్కు బదిలీ కావాలంటే సెక్షన్ 19 ప్రకారం సంతకం చేసిన కాగితం ఉండాలి. 2017లో రాసింది నలుగురు కుర్రాళ్లు, వాళ్లు దుకాణం ఉద్యోగులు కారు, కాగితం లేదు. ఆ తర్వాత రాసింది దుకాణం జీతం మీద ఉన్న అమ్మాయి. అంటే ఒకే ప్రోగ్రామ్‌లో రెండు రకాల హక్కులున్నాయి, వాటిని విడదీసే లాగ్‌లో మాత్రం ఒకటే పేరుంది. పర్లాకిమిడికి వెళ్లిన కాపీలో ఏ భాగం ఎవరిదో ముందు తేలాలి.

మధ్యలో ఉన్న పెద్దలు రిపోని దుకాణానికి బదిలీ చేయించి సర్దేద్దామంటున్నారు. అతను ఒప్పుకునేలాగే ఉన్నాడు. బదిలీ అయితే వచ్చేది 2021 ఆగస్టు వరకు ఉన్న కోడ్. ఆమె అడిగేది వేరు. పాత కమిట్లన్నిటి మీదా ఒకటే పేరు, ఒకటే మెయిల్ ఉండటంతో, చరిత్రంతా తిరగరాస్తే తప్ప వాటిలో ఆమెవి విడదీసి చూపించలేరు. అంత పని వద్దు అంటోంది. బదిలీ చేసేముందు రిపోలో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి, 2019 నుంచి దుకాణంలో మార్పులు చేసింది ఎవరో ఒక్క లైను రాసి, అతని అకౌంట్ నుంచే కమిట్ చేయమంటోంది. ఈ మాట ఆదివారం ఫోన్లో అతనికి చెప్పారు. ఆలోచించి చెబుతానన్నాడు.