పురుగు పట్టే మొక్కే అడగండి

ఇంటి ముందు వేసుకోవడానికి ఏదైనా మొక్క ఇమ్మంటే నర్సరీలో మొదట వినపడే మాట "ఇది తీసుకోండి సార్, దీనికి పురుగు పట్టదు" అని. నేనైతే ఆ మాట వినగానే పక్క వరసలోకి వెళ్ళిపోతాను. ఎందుకంటే పురుగు పట్టని మొక్క చాలాసార్లు వేరే ఖండం నుంచి వచ్చినదై ఉంటుంది, ఇక్కడి పురుగులకు దాన్ని తినడం తెలియదు.

మొక్కలు తమను ఎవరూ తినకుండా ఆకుల్లో ఘాటు రసాయనాలు నింపుకుంటాయి. వాటిని అరిగించుకునే శక్తి చాలా పురుగులకు ఏవో ఒకటి రెండు కుటుంబాల మొక్కల విషయంలోనే, అదీ తరాల తరబడి వాటితో కలిసి బతికితేనే వస్తుంది. కరివేపాకునే చూడండి, అది నిమ్మ కుటుంబానిది. నల్లటి రెక్కల మీద తెల్ల మచ్చల వరసతో తిరిగే కామన్ మోర్మన్ సీతాకోకచిలుక దాని మీద వాలి ముందుకాళ్ళతో ఆకును టపటపా తడుతుంది. అది కాళ్ళతో రుచి చూడటమన్నమాట, తన పిల్లల తిండే అని తేలితే లేత ఆకు మీద గుడ్డు పెడుతుంది. కొత్తగా పుట్టిన పురుగు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, పుల్లతో కదిపితే తల వెనక నుంచి రెండు ఎర్రటి కొమ్ములు చాపి ఘాటు వాసన వదులుతుంది. మా అమ్మ దాన్ని చూసినప్పుడల్లా మందు కొట్టమని గోల. చివరికి ఇంకో కరివేపాకు మొక్క తెచ్చి పెట్టాను, ఒకటి పోపుకి, ఒకటి పురుగుకి. పురుగులుంటేనే పిట్టలకూ తిండి, పువ్వుల్లో తేనె తాగే తేనెపిట్ట కూడా పిల్లలకు పెట్టేది పురుగుల్నీ సాలీళ్ళనే.

ఏది మన నేలదో పేరు బట్టి కొంత తెలుస్తుంది, ముందు "సీమ" ఉంటే బయట నుంచి వచ్చిందని. సీమచింత మెక్సికో వైపుది, సీమతంగేడు ఆగ్నేయాసియాది. కానీ పేరును పూర్తిగా నమ్మలేం, బతుకమ్మలో తంగేడు మనదే, దాని పక్కన పేర్చే బంతి మాత్రం మెక్సికోది. జామ, సీతాఫలం, పచ్చగన్నేరు కూడా అమెరికా ఖండాలవే. అలాగని జామచెట్టు కొట్టేయమనడం లేదు, కాయలు తినండి. నా గొడవ రోడ్ల పక్కన పచ్చటి గోడలా నాటే విదేశీ చెట్టు కోనోకార్పస్ లాంటి వాటితోనే, దాన్ని నాటడం గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది.

చిన్న పెరడైతే పారిజాతం, తంగేడు. కాస్త చోటుంటే రేల, ఇంకా ఎక్కువుంటే కానుగ. రేల, తంగేడు ఆకులు లేత పసుపు సీతాకోకచిలుకల పిల్లలకు తిండి. కానుగ వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందిస్తుంది. తంగేడు మాత్రం మొక్కగా కొనకండి, తల్లివేరు లోతుగా దిగే రకం కాబట్టి గింజ వేసుకోవడమే మేలు.

కొనేటప్పుడు అందరూ ఎత్తు చూస్తారు, చూడాల్సింది అడుగున ఉండే వేర్లు. నేనొకసారి ఆరడుగుల రేల మొక్క తెచ్చి నాటాను, రెండేళ్ళయినా అంగుళం పెరగలేదు. తవ్వి చూస్తే వేర్లు నల్ల కవరు ఆకారంలోనే తలపాగా చుట్టినట్టు బిగిసిపోయి ఉన్నాయి, మట్టిలోకి ఒక్కటీ పోలేదు. ఇప్పుడు రెండడుగుల మొక్కే కొంటున్నా, కవరు పూర్తిగా చింపేసి, చుట్టుకున్న వేర్లను కత్తిరించి మరీ నాటుతున్నా. మొదలును మట్టిలో పూడ్చేయకూడదు, కవర్లో మట్టి ఎంతవరకు ఉందో గుంతలోనూ అంతవరకే ఉండాలి.

మృగశిర కార్తెలో నేల బాగా తడిశాక నాటితే వానాకాలమంతా వేరు పట్టడానికి టైమ్ దొరుకుతుంది. చుట్టూ ఎండుటాకులు పరవండి. మొదటి రెండు వేసవులూ నీళ్ళు పోయాల్సిందే. మన నేలదే కదా, దానంతట అదే బతుకుతుందిలే అని ఒక కానుగ మొక్కను నేనే ఎండబెట్టి చంపాను.