క్యారెక్టర్ ఆర్టిస్టు గురించి అపోహలు: వాల్టర్ బ్రెనన్ నట జీవితం సాక్షిగా

ఏళ్ల తరబడి తండ్రి, తాత వేషాలు వేస్తూ వస్తున్న నేను, మా వృత్తిపై కొత్త నటులకున్న అపోహలను తొలగించవలసి వచ్చినప్పుడల్లా హాలీవుడ్ నటుడు వాల్టర్ బ్రెనన్ (1894–1974) గురించే చెబుతాను.

అపోహ: హీరో కాలేకపోయినవాడే క్యారెక్టర్ ఆర్టిస్టు అవుతాడు.

వాస్తవం: 1920లలో ఎక్స్‌ట్రాగా, అంటే గుంపు సన్నివేశాల్లో కనిపించే చిన్న నటుడిగా మొదలైన బ్రెనన్, ఆస్కార్‌లలో ఉత్తమ సహాయ నటుడి విభాగాన్ని తొలిసారి చేర్చినప్పుడే, 1936 నాటి ‘కమ్ అండ్ గెట్ ఇట్’ చిత్రానికి ఆ బహుమతి అందుకున్నారు. ఆ తరువాత ‘కెంటకీ’ (1938), ‘ది వెస్టర్నర్’ (1940) చిత్రాలకూ గెలిచారు. అప్పట్లో సహాయ నటులకు ప్రతిమ కాక ఫలకం మాత్రమే ఇచ్చేవారన్న సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అపోహ: ఆస్కార్‌లలో ఎక్స్‌ట్రాల ఓట్లే ఆయనను గెలిపించాయి.

వాస్తవం: ఆ కాలంలో కొన్నేళ్లు ఎక్స్‌ట్రాలకూ ఓటు ఉండేది, తమలోంచి ఎదిగిన మనిషిపై వారికి అభిమానమూ ఉండేది. అయితే ఓట్లు నటనను సృష్టించవు.

అపోహ: ఆయన ఎప్పుడూ ఒకే ముసలివాడిని పోషించారు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధించే మాట ఇదే. తొలినాళ్లలో ఒక ప్రమాదంలో పళ్లు పోవడంతో, కట్టుడు పళ్లు తీసేస్తే చాలు, ఆయన బుగ్గలు లోపలికి పోయి వయసు ఒక్కసారిగా పెరిగినట్లు కనిపించేది. ‘రెడ్ రివర్’ (1948)లో ఆయన పాత్ర పేకాటలో తన కట్టుడు పళ్లనే పోగొట్టుకుని, భోజనానికి కూర్చున్నప్పుడల్లా గెలిచినవాడిని అడిగి తీసుకోవలసి వస్తుంది. దానికి రెండేళ్ల ముందు వచ్చిన ‘మై డార్లింగ్ క్లెమెంటైన్’లో ఎదిగిన కొడుకులను కొరడాతో కొట్టే క్లాంటన్‌గా ఆయనను చూస్తే, అందులో నవ్వించే ముసలితనం జాడ కూడా ఉండదు. ‘రియో బ్రావో’ (1959)లో కుంటికాలితో జైలుకు కాపలా కాసే స్టంపీ మరో మనిషి. ఎడతెగని అతని సణుగుడంతా స్నేహితుల మీది బెంగే.

అపోహ: సహాయ నటుడు తన డైలాగు సరిగా అప్పగిస్తే చాలు.

వాస్తవం: ‘టు హావ్ అండ్ హావ్ నాట్’ (1944)లో ఆయన పోషించిన తాగుబోతు ఎడ్డీ, చచ్చిన తేనెటీగ ఎప్పుడైనా కుట్టిందా అని కనిపించినవారిని అడుగుతుంటాడు. అందరూ విసుక్కునే ఆ ప్రశ్నను లారెన్ బకాల్ పాత్ర తిరిగి అతణ్ణే అడుగుతుంది. తనను లెక్కచేసిన మనిషి ఒకరు దొరికారన్న సంబరంతో, చెప్పుల్లేకుండా నడిచేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో అతను ఆమెకు వివరించడం మొదలుపెడతాడు. ఆ సన్నివేశాన్ని మా పిల్లలకు మొదట శబ్దం తీసేసి చూపిస్తాను; ఆమె మాట వింటున్నప్పుడు బ్రెనన్ ముఖంలో వచ్చే మార్పును గమనించమంటాను.