లోసార్టనా, అటెనలోలా: ఈ పంచాయితీ ఎక్కడ మొదలైంది?

మార్ఫాన్ సిండ్రోమ్ అంటే ఒంటిని పట్టి ఉంచే పోగులు పుట్టుకతోనే బలహీనంగా ఉండే జన్యు జబ్బు. అది ఉన్న పిల్లలకు ఏ గోలీ వాడాలన్న పంచాయితీ మళ్లీ లేచింది. హన్మకొండ డాక్టరు అటెనలోల్ రాస్తారు, హైదరాబాద్ పోతే అక్కడ లోసార్టన్ రాస్తారు. రెండు చీటీలూ, ఒక టూడీ ఎకో రిపోర్టూ ముందేసుకొని ఎవరి మాట వినాలో ఇంట్లో తేలదు. సన్నగా, పొడుగ్గా ఎదగడం, కంటి లెన్స్ పక్కకు జరగడం లాంటి లక్షణాలు ఈ కుటుంబాలకు కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని. అది మొదట్లోనే ఉబ్బుతూ పోయి, ఒకరోజు గోడ చీలుతుంది.

1991లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో హాల్ డైట్జ్, ఆయన సహచరులు ఫైబ్రిలిన్ అనే పోగును తయారుచేసే ఫైబ్రిలిన్-1 జన్యువులో లోపాన్ని పట్టుకున్నారు. రక్తనాళం గోడలోని పోగు పుట్టుకతోనే నాసిరకం, దాన్ని ఏ మందూ బాగుచేయలేదని అప్పట్లో అనుకున్నారు. గుండె కొట్టే దెబ్బ జోరు తగ్గించడానికి అటెనలోల్, ప్రొప్రనోలోల్ లాంటి బీటా బ్లాకర్లు ఇచ్చేవారు. 1994లో 70 మందిపై వచ్చిన ప్రొప్రనోలోల్ అధ్యయనమే వాటికి పెద్ద ఆధారం.

అసలు మలుపు 2006. అంతకు మూడేళ్ల ముందే డైట్జ్ బృందం ఎలుకల్లో ఇంకో సంగతి గమనించింది. ఫైబ్రిలిన్ ఉత్త పోగే కాదు, టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్‌కు కళ్లెం కూడా. కళ్లెం తెగితే ఆ ప్రోటీనే గోడను పాడుచేస్తుంది. దాని జోరు తగ్గించే గుణం మామూలు బీపీ గోలీ లోసార్టన్‌కు ఉంది. 2006లో దాన్ని ఇచ్చి చూస్తే ఎలుకల బృహద్ధమని దాదాపు మామూలుగా అయింది. ప్రొప్రనోలోల్ ఇచ్చిన ఎలుకల్లో ఉబ్బడం నెమ్మదించింది కానీ గోడ బాగుపడలేదు. 2008లో వచ్చిన అధ్యయనంలో, జబ్బు బాగా ముదిరిన 18 మంది పిల్లలకు లోసార్టన్ రకం మందు ఇచ్చాక బృహద్ధమని మొదలు పెరిగే వేగం ఏడాదికి 3.54 మిల్లీమీటర్ల నుంచి 0.46కి దిగింది. పోల్చడానికి వేరే గుంపు లేదు, అయినా ఆశలు ఆకాశానికంటాయి.

2014లో 608 మందిపై పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది. మూడేళ్లు చూశాక లోసార్టన్‌కూ అటెనలోల్‌కూ తేడా కనపడలేదు. ‘లోసార్టన్ పనిచేయదు’ అన్న ప్రచారం బలపడింది అప్పుడే. కానీ ఆ ట్రయల్లో మందు లేకుండా ఎవరినీ ఉంచలేదు. ఒకటి ఇంకోదాన్ని మించలేదంటే రెండూ దండగని కాదు కదా! పైగా అటెనలోల్ డోసు కిలో బరువుకు 4 మిల్లీగ్రాముల దాకా పెంచారు, లోసార్టన్‌ను 1.4 దగ్గరే ఆపారు. ఎలుకను చూసి మనిషికి మందు రాయొద్దని బీటా బ్లాకర్ల వైపు వాళ్లు అంటారు, అందులోనూ న్యాయముంది. అయితే 2022లో ట్రయల్స్ అన్నిటినీ కలిపి లెక్కేస్తే, బృహద్ధమనికి ఆపరేషన్ కానివాళ్లలో లోసార్టన్ లాంటి సార్టన్ మందులు అది ఉబ్బే వేగాన్ని దాదాపు సగానికి తగ్గించాయని తేలింది. అప్పటికే బీటా బ్లాకర్ వాడుతున్నవాళ్లలోనూ అంతే. కాబట్టి రెండు చీటీల్లో ఒకటి తప్పే అయి ఉండాలనేమీ లేదు.

మన దిక్కు ఇంకో నింద కూడా ఉంది, మేనరికం చేసుకున్నందుకే పిల్లకు ఇలా అయిందని. అది తప్పు. మార్ఫాన్‌కు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి లోపం వచ్చినా చాలు, దాదాపు నాలుగో వంతు కేసుల్లో ఇద్దరికీ ఉండదు. ఆడపిల్లకు సంబంధాలు చూసేటప్పుడు ఆరా తీయాల్సింది వేరే ఉంది. లోసార్టన్ గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది. పెళ్లయి పిల్లల్ని కనాలనుకుంటే, ఆ గోలీ మార్చే సంగతి ముందే డాక్టరుతో మాట్లాడాలి.